అంచు లేని గుడ్డ

నేను ఒక బట్టనే గాని, నన్నెవరూ కట్టుకోరు, చుట్టుకుంటారు. బెత్తెడు వెడల్పు, పది మూరల పైచిలుకు పొడవు, గంజి రంగు. పువ్వు లేదు, బుటా లేదు, అంచు లేదు. బోదకాలు వచ్చినవాళ్ళ కాలికి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ పోయే పట్టీని. చర్మం కింద చేరిన నీరు మళ్ళీ కిందికి దిగి నిలిచిపోకుండా బిగించి ఉంచడం నా పని. ఆ పని బాగానే చేశాను. కానీ చేసినంతకాలమూ ఎవరో ఒకరిని చూసి కుళ్ళుకుంటూనే చేశాను. ఆ సంగతి దాచిపెట్టి నా కథ చెప్పడం కుదరదు.

దక్షిణాదిన ఎక్కడో ఒక మరమగ్గాల షెడ్డులో నన్ను నేశారు. నా పడుగు నూలుకు మామూలు నూలుకన్నా రెండింతలు మెలి పెట్టారు. సాగి మళ్ళీ బిగుసుకునే గుణం నాకు ఆ మెలిలోంచే వచ్చింది. నా ఎదుటి మగ్గం మీద ఎర్రటి పెళ్ళిచీరలు దిగేవి. షెడ్డు చూడడానికి ఎవరు వచ్చినా అక్కడే ఆగేవారు. చేత్తో నిమిరేవారు, వెలుతురులోకి ఎత్తి చూసేవారు. నా దగ్గరికి వచ్చినవాళ్ళు మాత్రం పొడవు కొలుచుకుని వెళ్ళిపోయేవారు. నన్నూ నా ముగ్గురు తోబుట్టువులనూ ఉండలు చుట్టి అట్టపెట్టెలో కుక్కిన రోజున, ఆ చీరల మడతల మధ్య పల్చటి తెల్లకాగితం పెట్టడం చూశాను. నా అసూయకు వయసు అప్పటినుంచీ లెక్క.

ఆ పెట్టె అమలాపురంలో బోదకాళ్ళకు వైద్యం చేసే ఒక చిన్న ఆసుపత్రి బీరువాలోకి చేరింది. మమ్మల్ని మొదట తీసుకువెళ్ళినాయన కిరాణాకొట్టు యజమాని. పొద్దున్నే కట్టుకుని కొట్లో కూర్చున్నాడు. సరుకులకు వచ్చినవాళ్ళంతా "కాలికేమైందండీ" అని అడిగారు. ఎనిమిదేళ్ళుగా ఆ కాలు వాళ్ళందరికీ కనిపిస్తూనే ఉంది, ఒక్కరూ అడగలేదు. కట్టు చూశాకే అడిగారు. మూడోరోజున ఆయన మమ్మల్ని విప్పి డ్రాయరులో పడేశాడు. రెండు నెలల తర్వాత ఆయన భార్య మమ్మల్ని ఆసుపత్రికి తెచ్చి ఇచ్చేస్తూ, "కాలు కనపడితే పర్లేదంటండి, కట్టు కనపడితేనే పరువు పోద్దంటండి" అని చెప్పింది. నర్సు రూతమ్మ మమ్మల్ని సబ్బునీళ్ళలో ఉతికి, పిండకుండా నీడలో ఆరేసి, మళ్ళీ ఉండలు చుట్టింది.

ఆ తర్వాత వచ్చింది భద్రావతి.

నలభై రెండేళ్ళ మనిషి. దగ్గర్లోని నేతపేట నుంచి భర్త సాంబమూర్తి ఆటోలో తీసుకొచ్చాడు. కుడికాలు మోకాలిదాకా వాచి, మడమ పైన మడతపడి ఉంది. అది కనపడకుండా చీరను నేల జీరాడేలా కట్టుకుంది. కుచ్చిళ్ళు బురదలో తడిసి కాలికే అంటుకుని, దాచాలనుకున్నదాన్ని ఇంకా ఎక్కువ చూపిస్తున్నాయి.

"ఎన్నేళ్ళయిందమ్మా?" అని అడిగింది రూతమ్మ.

"తొమ్మిదేళ్ళండి. చలిజొరం వచ్చినప్పుడల్లా కొంచెం పెరుగుద్దండి."

రూతమ్మ పొట్టి బల్ల మీద కూర్చుని ఆ కాలిని తన ఒళ్ళో పెట్టుకుంది. భద్రావతి వెనక్కి లాక్కోబోయింది. రూతమ్మ వదల్లేదు. సబ్బు పెట్టి కడిగి, మెత్తటి గుడ్డతో వేలికీ వేలికీ మధ్య తుడిచి, అక్కడున్న పగుళ్ళు చూపించింది.

"ఇదిగో, ఈ పగుళ్ళలోంచే మురికి లోపలికెళ్ళేది. అదెళ్తే జొరం. జొరం వచ్చిన ప్రతిసారీ కాలు పెరుగుద్ది. రోజూ ఇలా కడిగి, తడి లేకుండా తుడిచి, ఈ ఆయింట్‌మెంటు రాసుకో. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టు. పడుకునేటప్పుడు కాళ్ళవైపు మంచం కింద రెండేసి ఇటికలు పెట్టించు. పొద్దున లేవగానే కట్టు."

భద్రావతి కళ్ళు తుడుచుకుంది. "నొప్పిగా ఉందా?" అని రూతమ్మ అడిగితే కాదన్నట్టు తల ఊపింది. ఆ కాలిని పరాయి మనిషి ముట్టుకోవడం అదే మొదలని సాంబమూర్తి చెప్పాడు.

అప్పుడు రూతమ్మ నన్ను ఆమె చేతికిచ్చింది. నేతపనిచేసే చెయ్యి. పట్టుకోగానే నాకు తెలిసిపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నన్ను నలిపి, నిలువుగా లాగి, అడ్డంగా లాగి చూసింది.

"పడుగు సాగుతుంది, పేక సాగట్లేదు. నేత గట్టిదేనండి," అని భర్తతో అంది. కొంచెం ఆగి, "అంచే లేదు, పాపం," అంది.

నన్ను జాలిపడి తీసుకున్న మొదటి మనిషి ఆమె. మెచ్చుకోవడానికి ముట్టుకుందనుకున్న నాకు అది గుచ్చుకుంది.

బయల్దేరేముందు రూతమ్మ ఇంకో మాట చెప్పింది. "మీ ఇంట్లో ఇంకెవరికన్నా సాయంత్రమయ్యేసరికి మడమ దగ్గర వాచి, తెల్లారేసరికి తగ్గిపోతా ఉంటే నువ్వే తీసుకురా. ఆ మొదట్లో వస్తే ఇంతదాకా రానివ్వకుండా ఆపొచ్చు. నీకప్పట్లో చెప్పినవాళ్ళు లేకపోయారు."

"అలాగేనండి," అంది భద్రావతి.

వాళ్ళది పెంకుటిల్లు. ముందు సావిట్లో పక్కపక్కనే రెండు గుంట మగ్గాలు. నేల మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి వేలాడేసి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేస్తారు. ఒకటి సాంబమూర్తిది. రెండోది పదహారేళ్ళపాటు భద్రావతిది. కాలు బరువెక్కి చెక్క మీద ఆనకుండా పోయాక ఆమె గుంటలోకి దిగడం మానేసింది. అదే రోజుల్లో సాంబమూర్తి తమ్ముడు గణేశ్వరరావుకు పెళ్ళయింది. వచ్చిన అమ్మాయి నూకరత్నం పుట్టింట్లోనే నేత నేర్చుకుంది. ఒకరోజు పొద్దున రత్నం ఆ మగ్గం మీద కూర్చుంది. భద్రావతిని ఎవరూ అడగలేదు, ఆమె ఎవరితోనూ వద్దనలేదు. అప్పటినుంచి భద్రావతి రాట్నం ముందు కూర్చుని, తోడికోడలు పడుగులో అటూ ఇటూ విసిరే నాడెలోకి కావలసిన నూలు కండెలు చుట్టి ఇస్తోంది. నాలుగేళ్ళుగా ఇదే పని.

చీరలు చూడడానికి వచ్చే షావుకారు రత్నం నేతను మెచ్చుకునేవాడు. "ఈ బుటాలు అచ్చు గుద్దినట్టున్నాయమ్మా" అనేవాడు. ఆ నూలు చుట్టిన మనిషి మూడడుగుల దూరంలో ఉండేది. ఆయన అటు తిరిగేవాడు కాదు. అలాంటప్పుడు నా కింద భద్రావతి పిక్క బిగుసుకునేది. అది నాకు తెలిసిన బిగువే. ఎదుటి మగ్గం మీది ఎర్రచీరను చూస్తూ నేనూ అలాగే బిగుసుకున్నాను. ఒకసారి ఆయన వెళ్ళిపోయాక ఆమె రెండు కండెలు కావాలని వదులుగా చుట్టింది. మధ్యాహ్నం రత్నం మగ్గం మీద పోగులు పుటుక్కు పుటుక్కున తెగాయి. రత్నం విసుక్కోకుండా ముడి వేసుకుంటూ కూర్చుంది. "నూలు మంచిది రాలేదక్కా ఈసారి" అంది. భద్రావతి తల ఎత్తలేదు.

రోజూ పొద్దున్నే సాంబమూర్తి మమ్మల్ని కట్టేవాడు. నేతగాడి చేతికి బిగువు సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. పాదం దగ్గర గట్టిగా, పైకి వెళ్ళేకొద్దీ కాస్త వదులుగా, ముడత పడకుండా చుట్టేవాడు. మాలో పాదానికి చుట్టేది నన్నే. దుమ్మూ చెమటా నావి. మోకాలి కింద హాయిగా ఉండే నాలుగో పట్టీ సాయంత్రం ఉతికేటప్పుడు కూడా తెల్లగానే ఉండేది. దాన్ని చూసి కూడా కుళ్ళుకున్నాను, ఏం చెప్పను.

రెండు నెలలకు మడమ మీది మడత విచ్చుకుంది. మూడో నెలలో ఆసుపత్రిలో కొలిస్తే పిక్క చుట్టుకొలత నాలుగు వేళ్ళ వెడల్పు తగ్గింది. ఆ వారమే సాంబమూర్తి ఆమెకు పట్టీలు పెద్దగా ఉన్న చెప్పులు కొనిపెట్టాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత కుడికాలికి చెప్పు పట్టింది. ఆమె వాటిని తొడుక్కుని సావిట్లో ఈ గోడనుంచి ఆ గోడదాకా నడిచింది, మళ్ళీ నడిచింది. రత్నం మగ్గం ఆపి, నవ్వుతూ చూసింది. ఇంట్లోవాళ్ళంతా చెప్పులను చూశారు. ఆ కాలిని చెప్పులో పట్టేలా చేసిందెవరో ఎవరికీ గుర్తు రాలేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం రత్నం చెరువుగట్టు మీది బంధువుల ఇంటికి వెళ్ళింది. సాంబమూర్తి నూలు తేవడానికి బయటికి వెళ్ళాడు. భద్రావతి ఆ మగ్గం దగ్గరికి వచ్చి అటూ ఇటూ చూసి, నెమ్మదిగా కూర్చుని, నాతోబాటు కాలిని గుంటలోకి దింపింది. అరికాలి కింది నా చుట్టు చెక్కకు తగిలింది. ఆమె తొక్కింది. పడుగు పైకీ కిందికీ విడిపోయింది. నాడె ముట్టుకోలేదు. ఊరికే తొక్కుతూ కూర్చుంది. ఆమె ఒళ్ళంతా ఒక కొత్త ఊపు. అదంతా మగ్గం మీది ప్రేమ. నేనెంత బిగించి పట్టుకున్నా ఆ ప్రేమలో నా వాటా ఏమీ లేదని ఆ రోజే తెలిసింది. నన్ను ఆమె భరించింది, అంతే. మగ్గం దగ్గరికి చేర్చే మెట్టుగా భరించింది.

సాయంత్రం భర్తతో మాట కదిపింది. "ఏవండీ, నా కాలిప్పుడు చెక్క మీద ఆనుతుందండి."

"మంచిదేగా."

"మళ్ళీ కూర్చుంటాను."

సాంబమూర్తి తెచ్చిన నూలు కట్టలు గూట్లో సర్దాడు. "ఇంట్లో ఉన్నయ్యి రెండు మగ్గాలు. రత్నాన్ని లేపేసి కూర్చుంటావా? అదేం తప్పు చేసిందని లేపుతాం?"

"అది నా మగ్గమండి."

"కాదన్నానా. నాలుగేళ్ళు అదే నేసింది కదా. కొన్నాళ్ళు చూద్దాం."

ఆ రోజు నన్ను విప్పేటప్పుడు భద్రావతి చేతులు విసురుగా ఉన్నాయి.

ఇది జరిగిన పది రోజులకు, దీపాలు పెట్టే వేళ, రత్నం మగ్గం మీంచి లేచి దొడ్లోకి వెళ్తోంది. భద్రావతి కాలు పీట మీద పెట్టుకుని రాట్నం ముందు కూర్చుని ఉంది. రత్నం ఎడమకాలు ఆమె పక్కనుంచి వెళ్ళింది. కాలికి పెట్టుకున్న వెండి పట్టా ఉన్నచోట చర్మంలోకి దిగిన గాడి కనిపించింది. చీలమండ ఎముక కనిపించడం లేదు.

"రత్నం, ఇటు రా ఒకసారి," అంది భద్రావతి.

రత్నం వచ్చి కాలు చాపింది. భద్రావతి బొటనవేలితో మడమ పైన నొక్కి తీసింది. గుంట పడింది. చాలాసేపటికి గాని నిండలేదు.

"సాయంత్రానికి ఇలా వస్తందక్కా. పొద్దునకల్లా ఉండదు. గుంటలో కాళ్ళేలాడేసి కూర్చుంటాం కదా, అందుకేమో."

తొమ్మిదేళ్ళ కిందట భద్రావతి సరిగ్గా అలాగే అనుకుంది. రూతమ్మ చెప్పిన మాట కూడా ఆమెకు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని నాకెలా తెలుసంటే, ఆ క్షణాన ఆమె కాలు నా లోపల రాయిలా అయిపోయింది. మాట నోటిదాకా వచ్చింది. మగ్గం ఖాళీగా ఎదురుగా ఉంది.

"అంతే అయ్యుంటది. తగ్గిపోద్దిలే," అంది.

ఆ మాటకు నేను సంతోషించానని ఒప్పుకోవాలి. ఆ పట్టాలున్న సన్నటి కాళ్ళను చూసి నాకూ ఏడుపుగానే ఉండేది. నా మనిషి కాలు ఎప్పటికీ అలా మారదని తెలుసు.

అక్కడినుంచి నెలన్నర. రత్నం కాలు సాయంత్రానికల్లా లాగేస్తోందని త్వరగా లేచిపోయేది. "కొంచెంసేపు నువ్వు కూర్చుంటావా అక్కా" అని ఆమే అడిగింది. భద్రావతి కూర్చుంది. మొదట గంట, తర్వాత పూట. నాలుగేళ్ళ ఆకలి ఆమెది. తిండికి లేవడం ఆలస్యమయ్యేది. మధ్యలో కాలు ఎత్తిపెట్టుకోవడం మానేసింది. పొద్దున భర్త లేవకముందే తనే నన్ను గబగబా చుట్టేసుకుని గుంటలోకి దిగేది. కడగడం ఒకరోజు ఉంటే ఒకరోజు లేదు. ముసురు పట్టి మేము సరిగా ఆరేవాళ్ళం కాదు. తడి తడిగానే మమ్మల్ని చుట్టుకునేది. హడావిడిగా కట్టిన పట్టీ జారుతుంది. నేనూ జారాను. జారి మడమ దగ్గర తాడులా పేరుకుని చర్మాన్ని కోశాను. ఆపుకోగలిగేదాన్నా అంటే చెప్పలేను. ఆమె మనసంతా మగ్గం మీది చీర మీద ఉండగా నేను ఆమె చర్మాన్ని ఒరుసుకుపోతూ ఉండడం నాకు ఒక విధంగా బాగానే ఉంది. పుండు పడింది. ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున రత్నం లేవలేదు. దుప్పట్లు రెండు కప్పినా వణుకుతోంది. భద్రావతి వెళ్ళి చూసేసరికి ఎడమకాలు మోకాలిదాకా ఎర్రగా కాలిపోతోంది. గజ్జల్లో బిళ్ళ కట్టిందని, కాలు కదపలేకపోతున్నానని రత్నం చెప్పింది. గణేశ్వరరావు జ్వరం బిళ్ళలు తేవడానికి చొక్కా వేసుకుంటున్నాడు.

రత్నం భద్రావతి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత వేడిగా ఉందో, భద్రావతి కాలికున్న నాకు కూడా తెలిసింది.

"అక్కా, నీకూ ఇలాగే మొదలయ్యిందా?"

భద్రావతి తడబడకుండా, మెల్లగా చెప్పింది. "ఇలాగే మొదలయ్యింది. నీ మడమ నొక్కి చూసిన రోజే నాకు తెలుసు. అప్పుడే తీసుకురమ్మని సిస్టరుగారు చెప్పారు. నేను చెప్పలేదు."

"ఎందుకు?"

"నువ్వు లేస్తే మగ్గం నాదవుద్దని."

రత్నం చెయ్యి వదిలేసింది. గోడవైపు తిరిగి పడుకుంది. గణేశ్వరరావు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ ఆగిపోయాడు. "నీకు తెలిసి... వదినా, తల్లిలాంటి దానివి అనుకున్నాను," అన్నాడు. ఇంకేదో అనబోయి బయటికి వెళ్ళి ఆటో పిలుచుకొచ్చాడు. భద్రావతి ఎక్కబోతే వద్దనలేదు. ఎక్కమని కూడా అనలేదు.

ఆసుపత్రిలో రూతమ్మ ముందు రత్నం కాలు చూసింది. డాక్టరు మందులు రాశాడు. రక్తపరీక్షకు ఏర్పాటు చేశారు. జ్వరమూ ఎరుపూ పూర్తిగా తగ్గేదాకా కట్టు కట్టకూడదని, చన్నీళ్ళ గుడ్డ వేసి కాలు ఎత్తున పెట్టమని చెప్పారు. "ఇంకా మొదట్లోనే ఉంది. మళ్ళీ మళ్ళీ జొరం రానివ్వకుండా చూసుకుంటే కాలు మామూలుగా అయిపోద్ది," అంది రూతమ్మ. గణేశ్వరరావు కుర్చీలో కూలబడి మొహం తుడుచుకున్నాడు.

తర్వాత ఆమె భద్రావతి వైపు తిరిగింది. "నీ చెప్పు పక్కన రక్తమేంటి?"

నన్ను విప్పింది. పుండు చూసింది. కోప్పడలేదు, కడిగి మందు రాసింది. భద్రావతి తలవంచుకుని జరిగిందంతా చెప్పింది. రూతమ్మ చివరిదాకా విని, "వచ్చే వారం రత్నానికి పాదమూ మడమా కట్టాలి. కొత్త పట్టీలు అయిపోయాయి, నెల పట్టుద్ది," అంది.

"నావాటిలో రెండు దానికివ్వండి. పాదానికి కట్టేది, దాని పైది."

"మరి నీకు?"

"వచ్చేదాకా నేను గుంటలోకి దిగను. కాలు ఎత్తి పెట్టుకునే ఉంటాను."

రూతమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నిజంగా దిగవా?"

"దిగనండి."

అలా నన్ను ఇచ్చేసింది. ఎనిమిది నెలలు నా మీద నిలబడిన మనిషి, నాకన్నా మగ్గాన్ని ఎక్కువ ప్రేమించిన మనిషి, ఆ రెండింటినీ ఒక్క మాటతో వదిలేసింది. నేను వెళ్ళేది ఎవరి కాలికి? పట్టాల గాడి పడిన ఆ సన్నటి కాలికి.

ఆ వారమంతా ఇల్లు బిగుసుకుని ఉంది. గణేశ్వరరావు వేరే పొయ్యి పెడదామని అన్నతో అన్నాడు. సాంబమూర్తి భార్యతో మాట్లాడడం మానేశాడు. రెండు మగ్గాలూ ఆగిపోయాయి.

ఎనిమిదోరోజు పొద్దున్నే భద్రావతి బేసిన్లో నీళ్ళూ సబ్బూ మెత్తటి తువ్వాలూ పట్టుకుని రత్నం మంచం దగ్గరికి వచ్చింది. గణేశ్వరరావు అప్పటికే నన్ను తప్పుగా రెండుసార్లు చుట్టి విప్పాడు. భద్రావతి నేల మీద కూర్చుని రత్నం పాదానికి చెయ్యి చాపింది. రత్నం కాలు ముడుచుకుంది. పెద్దకోడలు చిన్నకోడలి కాళ్ళు పట్టుకోవడం ఆ ఇళ్ళల్లో లేదు.

"సిస్టరుగారు నా కాలు ఒళ్ళో పెట్టుకోలేదా," అంది భద్రావతి. "మాట్లాడొద్దులే. కాలు మాత్రం ఇయ్యి."

రత్నం ఇవ్వలేదు. భద్రావతి కదల్లేదు. నీళ్ళు చల్లారిపోయాయి. లేచి వెళ్ళి మళ్ళీ వేడినీళ్ళు కలుపుకొచ్చింది. రెండోసారి కూర్చున్నాక రత్నం మొహం అటు తిప్పుకునే పాదం చాపింది.

వేలికీ వేలికీ మధ్య తుడిచింది. వేళ్ళ మొదలు దగ్గర నన్ను ఆనించి, మడమ మీదుగా తిప్పి, సగం మీద సగం వచ్చేలా చుట్టింది. వేలి కొసలు నొక్కి రక్తం తిరిగి వస్తోందా లేదా చూసింది. ఎనిమిది నెలల్లో ఒక్కరోజైనా తన కాలికి నన్ను అంత జాగ్రత్తగా చుట్టుకోలేదు. రత్నం పాదం మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ చేతులు నావనుకున్నాను. వాటి మెత్తదనం నాకు ఇంకొకరి కాలి మీద ఉండగా తెలిసింది.

రోజూ ఇదే. భద్రావతి వస్తుంది, కడుగుతుంది, కడుతుంది, వెళ్ళిపోతుంది. సాయంత్రం విప్పి ఉతుకుతుంది. మిగిలిన వేళంతా తన కాలు పీట మీద పెట్టుకుని రాట్నం తిప్పుతుంది. ఇప్పుడు చుట్టే కండెల్లో ఒక్కటీ వదులుగా లేదు. జ్వరం తగ్గిన రత్నం పూటకు కాసేపు మగ్గం మీద కూర్చోవడం మొదలుపెట్టింది. కండె అయిపోతే చెయ్యి చాపుతుంది. భద్రావతి అందిస్తుంది. మాట లేదు. గణేశ్వరరావు మాత్రం వేరుపొయ్యి సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎందుకంటే పొద్దున్నే ఆ బేసిన్ చప్పుడు అతనికి కూడా వినిపిస్తోంది.

ఇరవై రోజులు దాటాయి. ఒకరోజు భద్రావతి నన్ను మడమ మీదుగా తిప్పుతోంది. రాత్రి సరిగా నిద్రపోలేదేమో, చెయ్యి కొంచెం నెమ్మదిగా ఉంది.

"ఇక్కడ బిగువు చాల్లేదక్కా," అంది రత్నం.

భద్రావతి చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తలేదు. ఆ చుట్టు విప్పి, లాగి మళ్ళీ చుట్టింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు బానే ఉంది."

అంతే మాట్లాడుకున్నారు. కానీ ఆమె చేతుల చెమట నాలోకి ఇంకింది. ఆ పూట బేసిన్ పట్టుకుని వెళ్ళేటప్పుడు ఆమె గడప దగ్గర కాసేపు నిలబడింది. రత్నం ఆమెను పూర్తిగా క్షమించిందో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత కూడా కొన్నిసార్లు మాట మధ్యలో ఆగిపోయి మగ్గం వైపు తిరిగేది. అయినా 'అక్కా' అన్న మాట మళ్ళీ మానలేదు.

నెల తిరిగేసరికి కొత్త పట్టీలు వచ్చాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక రత్నమే మాట తెచ్చింది. "పొద్దుట పూట నేను కూర్చుంటాను. భోజనాలయ్యాక నువ్వు కూర్చో అక్కా. ఒకళ్ళు నేసేటప్పుడు ఒకళ్ళం కాళ్ళు ఎత్తి పెట్టుకుందాం. సిస్టరుగారు అదేగా చెప్పేది." సాంబమూర్తి తన మగ్గం మీంచి తల తిప్పి చూసి, నవ్వును మీసాల్లో దాచుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం భద్రావతి గుంటలోకి దిగినప్పుడు ఆమె పాదానికి నేను లేను. కొత్త పట్టీ ఉంది. మడత నలగనిది, నాకన్నా బిగువైనది. చెక్క తొక్కుతున్న ఆ పాదాన్ని రత్నం మడమ మీంచి చూస్తూ నేను పడ్డ బాధ ఏ పట్టీకీ వద్దు.

మనుషులు అసూయను అంత తేలిగ్గా వదలరని అప్పుడే చూశాను. తోడికోడళ్ళిద్దరూ ఆసుపత్రికి కలిసి వెళ్ళేవాళ్ళు. రూతమ్మ టేపుతో కొలుస్తూ ఉంటే, ఇద్దరూ ఒకరి కాలు ఒకరు ఓరగా చూసుకునేవాళ్ళు. "నీది ఎంత తగ్గింది?" "నువ్వు నిన్న ఉప్పు చేపలు తిన్నావు, అందుకే నీది తగ్గలేదు." దారి పొడుగునా ఇదే. కాకపోతే ఎవరిదైనా ఒక వారం పెరిగితే రెండోవాళ్ళు ఇంటికి వచ్చి పీట తెచ్చిపెట్టేవాళ్ళు.

మరుసటి వేసవికి భద్రావతి కాలు ఇక తగ్గేంత తగ్గి నిలకడకు వచ్చింది. మామూలు కాలు కాలేదు. చర్మం గట్టిదనం పోలేదు. కానీ కొలత మారడం లేదని, కట్టుకు బదులు బిగుతు మేజోడు వేసుకోవచ్చని చెప్పారు. వాళ్ళు దాన్ని సాక్సు అనేవారు. కొలతలు తీసుకుని తెప్పించారు. కాఫీ రంగు, మోకాలి కిందిదాకా, పైన సన్నటి పట్టీ. దానికి అంచు ఉంది. చుట్టక్కర్లేదు, ఒక్కసారి లాగితే ఎక్కుతుంది. చీర కింద ఉన్నట్టే తెలియదు. పేటలో ఆడవాళ్ళు దాన్ని ముట్టుకుని చూశారు. భద్రావతి చీర కొంచెం ఎత్తి మరీ చూపించింది. ఒకప్పుడు నేల జీరాడేలా కట్టుకున్న మనిషి. కొత్త పట్టీలు కూడా పెట్టెలోకి వెళ్ళిపోయాయి. నాకు వాటి మీది ఏడుపు ఒక్క పూటలో పోయి, సాక్సు మీదికి మళ్ళింది.

నేను మాత్రం రత్నం కాలికి ఇంకొన్నాళ్ళు ఉన్నాను. నాలో మెలి సడలిపోతోంది. లాగితే సాగుతున్నాను గాని మునుపటిలా వెనక్కి రావడం లేదు. రత్నం ఆ సంగతి గమనించి ఒక చుట్టు ఎక్కువ చుట్టేది. భద్రావతి నేర్పినట్టే, సగం మీద సగం. ఆ ఏడాదిలో ఆమెకు మళ్ళీ జ్వరం రాలేదు. కడగడం ఒక్కరోజూ మానలేదు.

మొన్న ఒక సాయంత్రం, రోజంతా నేసిన తర్వాత ఆసుపత్రికి వెళ్ళారు. రూతమ్మ నన్ను విప్పి, రత్నం మడమ మీద బొటనవేలితో నొక్కి, కాసేపు ఉంచి తీసింది. గుంట పడలేదు. రెండోపక్క నొక్కింది. పడలేదు.

"కట్టు మానేసి చూద్దాం. కడగడం మాత్రం మానకు. మళ్ళీ వాపు కనపడితే అదే రోజు రావాలి."

"అక్కే తీసుకొచ్చేత్తాదిలెండి," అంది రత్నం. భద్రావతి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

తెల్లవారి రత్నం అలవాటు కొద్దీ నన్ను చేతిలోకి తీసుకుంది. గుర్తొచ్చి, ఉండ చుట్టి కిటికీ గట్టు మీద పెట్టింది. వట్టి కాలితో మగ్గం దగ్గరికి వెళ్ళి గుంటలోకి దిగింది. భద్రావతి పీట మీద కాలు పెట్టుకుని, రాట్నం ఆపి, చెక్క తొక్కుతున్న ఆ పాదాన్ని అదేపనిగా చూసింది.

"ఏంటక్కా అలా చూస్తావ్?"

"ఏం లేదు. నేసుకో."

గట్టు మీంచి నేనూ చూశాను. కుళ్ళుకోవడానికి అక్కడ నా బదులు ఎవరున్నారో వెతికాను. కొత్త పట్టీ లేదు, సాక్సు లేదు. పాదం ఒక్కటే ఉంది, లేస్తూ, దిగుతూ.